ఏప్రిల్‌లోపు రాయించి తీరాలా? నర్సరీ పిల్లలను ఎల్‌కేజీకి సిద్ధం చేయడంపై చర్చ

పటమట టీచరు
ఫిబ్రవరి 8, రాత్రి 9:20

సభ్యులందరికీ నమస్కారం. విజయవాడ పటమటలోని ఒక చిన్న బడిలో నర్సరీ తరగతికి పాఠాలు చెబుతున్నాను. నా తరగతిలో ఉన్నవారంతా మూడున్నరేళ్ళకూ నాలుగేళ్ళకూ మధ్య వయసు పిల్లలు. వచ్చే జూన్‌లో వీరిలో కొందరు మా బడిలోనే ఎల్‌కేజీకి వెళతారు, ఎక్కువ మంది పెద్ద బడులకు మారతారు. సంక్రాంతి సెలవులు ముగిసిన నాటి నుంచి సాయంత్రం గేటు దగ్గర తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నది ఒక్కటే: "మా వాడు ఏ నుంచి జెడ్ దాకా ఎప్పటికి రాస్తాడండీ?" వాటితో పాటు అఆలు, యాభై వరకు అంకెలు కూడా ఏప్రిల్‌లోపు నోటుబుక్కులో కనిపించాలని యాజమాన్యం కోరుతోంది.

ఈ వయసు పిల్లలతో పనిచేయడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. జూన్‌లో అమ్మ కొంగు వదలని పాప ఇప్పుడు గదిలోకి రాగానే చెప్పులు విడిచి, సంచిని కొక్కేనికి తగిలించి, పక్కన కూర్చున్న అమ్మాయి నీళ్ళ సీసా మూత తీసిపెడుతోంది. దసరా వరకు నోరు విప్పని ఒక బాబు కొండపల్లి ఎడ్లబండి బొమ్మను ముందు పెట్టుకుని, ఆ బండి ఎక్కడికి వెళుతోందో, ఎడ్లకు ఆకలి వేస్తే ఏమి పెట్టాలో, దారిలో వాన వస్తే ఎక్కడ ఆగాలో వరుస తప్పకుండా చెబుతున్నాడు. అయితే వాళ్ళ అమ్మగారు వచ్చి అడిగినప్పుడు నేను చూపించగలిగేది నోటుబుక్కు మాత్రమే, అందులో ఆ బండి ప్రయాణం ఉండదు.

ఇరవై మందికి పైగా పిల్లలకు నేనూ, ఒక ఆయా ఉన్నాము. ఈ పరిస్థితిలో రాత ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతవరకు రాయించాలి, ఎల్‌కేజీకి నిజంగా కావలసినవి ఏవి అన్నది అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను.

బ్రాడీపేట విశ్రాంత ఉపాధ్యాయిని
ఫిబ్రవరి 9, ఉదయం 6:45

పటమట టీచరు గారికి నమస్కారం. గుంటూరులో చిన్న తరగతులకే చాలాకాలం చెప్పి పదవీ విరమణ చేశాను కనుక మీ ప్రశ్నకు చేతి దగ్గర నుంచి సమాధానం మొదలుపెడతాను, ఎందుకంటే రాసేది చెయ్యే.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా మృదులాస్థిగానే ఉండి, సంవత్సరాలు గడిచే కొద్దీ ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. నాలుగేళ్ళ పిల్లల్లో వాటిలో కొన్ని ఇంకా ఎముకగా మారడం మొదలై ఉండదు. ఆ వయసు పిల్లవాడు మొదట పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుంటాడు, తర్వాత వేళ్ళన్నీ పైనుంచి ఆనించి పట్టుకుంటాడు, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పట్టుకునే పద్ధతి చాలామందికి నాలుగేళ్ళకూ ఆరేళ్ళకూ మధ్యలో కుదురుకుంటుంది. ఆ లోపల మనం పట్టుబట్టి నాలుగు గీతల పుస్తకంలో వరుసల కొద్దీ రాయిస్తే, భుజం బిగించి, పెదవి కొరుకుతూ రాస్తాడు. అక్షరం వస్తుంది, దానితో పాటు రాతంటే అయిష్టం కూడా వస్తుంది.

అయితే రాత వద్దని నేను చెప్పడం లేదు. నేల మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద సున్నలు గీయించండి, వాటి మీద నడిపించండి. గోడ మీద తడి కుంచెతో గీయించండి, ఆరిపోగానే మళ్ళీ గీస్తారు. పళ్ళెంలో సన్నటి ఇసుక పోసి వేలితో రాయించండి. పలక, బలపం మళ్ళీ తెప్పించండి, ఎందుకంటే బలపం పలకను కొద్దిగా పట్టుకుని జారుతుంది కనుక పిల్లవాడికి తన ఒత్తిడి తనకే తెలుస్తుంది. చిక్కుడుకాయలకు నారలు తీయించడం, బంతిపూలు గుచ్చించడం, చపాతీ పిండి ముద్దలు చేయించడం, పాత పత్రికలను చింపించి అతికించడం వంటి పనులతో వేళ్ళకు బలం వస్తుంది. సూదికి బదులు మొన లేని ప్లాస్టిక్ సూదిని వాడండి.

తెలుగు అక్షరాల విషయంలో మరొక మాట. చదివే వరుస, రాసే వరుస ఒకటే కానక్కరలేదు. "అ, ఆ, ఇ, ఈ" అని పాడుకోవడం ఆనందమే, పాడనివ్వండి. రాయించేటప్పుడు మాత్రం ఆకారాన్ని చూడండి. "అ" లోని మెలికలు, "ఋ" లోని కొమ్ములు చిన్న చేతికి చాలా కష్టం. సున్న చుట్టడం వచ్చిన పిల్లవాడికి "ర" దగ్గరగా ఉంటుంది, ఆ తర్వాత "ద, డ", ఇంకొంత చెయ్యి తిరిగాక "గ, శ", ఆ తర్వాత "ప, వ, మ" పోలిక కలిగిన కుటుంబాలుగా వస్తాయి. ఒక కుటుంబం వచ్చిన తర్వాతే రెండోదానికి వెళ్ళండి.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. మరియా మాంటిస్సోరి 1907లో రోములో మొదటి పిల్లల ఇల్లు తెరిచినప్పటి నుంచి గరుకు అక్షరాల మీద వేలితో తడిమించడాన్ని రాతకు ముందు మెట్టుగా ఉంచారు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి మన దేశంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అంతకు ముందే, 1920లో, గిజుభాయి బధేకా భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించి, భయం లేని తరగతిని గుజరాతీ పిల్లలకు అందించారు. గరుకు అక్షరాలను కొననవసరం లేదు. మన వీధి ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే ఉప్పు కాగితాన్ని కత్తిరించి అట్టకు అంటిస్తే సరిపోతుంది.

భవానీపురం నాన్న
ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1:30

అమ్మా, మీరు చెప్పినదంతా చదివాను, గౌరవిస్తున్నాను. కానీ తండ్రిగా నా ఇబ్బంది కూడా ఇక్కడ చెప్పాలి. మా అబ్బాయికి మార్చిలో నాలుగేళ్ళు నిండుతాయి. మేము దరఖాస్తు పెట్టిన ఒక బడిలో వాడిని ఒక గదిలో కూర్చోబెట్టి, రంగుల పేర్లు, పండ్ల పేర్లు ఇంగ్లీషులో అడిగారు, ఒక కాగితం ఇచ్చి ఏ, బీ, సీ రాయమన్నారు. వాడు ఆ కాగితం మీద రైలు వేశాడు. ఆ రైలుకు అన్ని పెట్టెలూ ఉన్నాయి, ఇంజను ముందు గుండ్రటి దీపం కూడా ఉంది. అక్కడి టీచరు దాన్ని చూసి పక్కన పెట్టి, మేము ఇంట్లో ఇంకా శ్రద్ధ పెట్టాలని చెప్పారు.

నేనూ నా భార్యా ఇద్దరమూ ఉద్యోగాలు చేస్తున్నాము. సాయంత్రం ఇంటికి వచ్చిన తర్వాత వాడితో గడిపే ఆ కొద్దిసేపూ రాయించడానికి పోతే, వాడు ఏడుస్తాడు, మేము విసుక్కుంటాము. రాయించకపోతే బడిలో వెనకబడతాడేమోనన్న భయం ఉంటుంది. వయసుకు మించి రాయించవద్దని అందరూ చెబుతున్నారు, కానీ ప్రవేశం ఇచ్చేవారు అదే అడుగుతున్నప్పుడు తల్లిదండ్రులు ఏమి చేయాలి?

కొత్తపేట ప్రధానోపాధ్యాయిని
ఫిబ్రవరి 9, సాయంత్రం 5:10

భవానీపురం నాన్న గారూ, మీ భయం న్యాయమైనదే. ముందు నియమాల సంగతి చెబుతాను. 2009 విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్, ప్రవేశ సమయంలో పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్షలు పెట్టడాన్ని, క్యాపిటేషన్ రుసుము, అంటే ఫీజుకు పైన ప్రవేశం కోసం అడిగే డబ్బు, తీసుకోవడాన్ని నిషేధించింది. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల కోసం చేసినది కనుక ఎల్‌కేజీ ప్రవేశాల దగ్గర దాన్ని ఎలా వర్తింపజేయాలన్న వాదన ఉంది. అయినా, ఆరేళ్ళ పిల్లవాడికే వద్దన్న వడపోతను అంతకన్నా చిన్నవాడికి పెట్టడం సమంజసం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ వరకు ఉన్న అయిదు సంవత్సరాలను ఒకే పునాది దశగా చూసింది. అందులో మూడేళ్ళు పూర్వ ప్రాథమిక విద్య, ఆ తర్వాత ఒకటి, రెండు తరగతులు. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళికా చట్రం ఆటను నేర్చుకోవడానికి ప్రధాన మార్గంగా తీసుకుంది. అంటే మీ అబ్బాయి ఎల్‌కేజీలో చేరేనాటికి చదువు పూర్తి చేసి రావలసిన అవసరం లేదు, ఆ దశలో వాడు ఇంకా మొదటి భాగంలోనే ఉంటాడు. రైలు పెట్టెలను వరుసగా అమర్చి, దీపం ఎక్కడ ఉండాలో గుర్తు పెట్టుకున్న పిల్లవాడి చూపు, చెయ్యి, జ్ఞాపకం మూడూ పనిచేస్తున్నాయి. ఆ కాగితాన్ని దాచిపెట్టండి.

ఇక నా బడి సంగతి. జూన్‌లో ఎల్‌కేజీలోకి కొత్త పిల్లలు వచ్చినప్పుడు మా టీచర్లు మొదటి వారంలో దేనికి ఇబ్బంది పడతారో నాకు బాగా తెలుసు. అక్షరాలు రాకపోవడం వల్ల ఎవరూ ఇబ్బంది పడరు. మూత్రానికి వెళ్ళాలని చెప్పలేక తడుపుకుని సిగ్గుతో ఒదిగి కూర్చున్న పిల్ల, ఎవరైనా తినిపిస్తే తప్ప డబ్బా తెరవని పిల్లవాడు, తన వంతు వచ్చేదాకా ఆగలేక ముందున్నవాడిని తోసేసే పిల్లవాడు, తన పేరు పిలిచినా ముద్దుపేరుకు మాత్రమే పలికే పిల్ల — వీరి దగ్గరే మా టీచర్ల సమయమంతా గడుస్తుంది. ముద్దుపేరు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఇంట్లో "బుజ్జీ" అని మాత్రమే విన్న పాప హాజరు పిలుపుకు పలకకపోతే, వినికిడి లోపమేమో అన్న అనుమానం దాకా వెళ్ళిన సందర్భాలు ఉన్నాయి. కనుక ఈ మార్చి, ఏప్రిల్ నెలల్లో పూర్తి పేరుతో పిలవండి. చెప్పులు తనే వేసుకోనివ్వండి, చొక్కా బొత్తాలు పెట్టుకోనివ్వండి, అన్నం కొంత కింద పడినా సొంతంగా తిననివ్వండి. "పుస్తకం బల్ల మీద పెట్టి, నీళ్ళ సీసా తీసుకురా" వంటి రెండు మెట్ల మాట విని చేయగలిగితే తరగతిలో చాలా పనులు వాడికి తేలికవుతాయి.

లక్ష్మీపురం ఎల్‌కేజీ టీచరు
ఫిబ్రవరి 9, రాత్రి 8:55

పైన రాసిన పెద్దలతో చాలావరకు ఏకీభవిస్తున్నాను, కానీ ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. గుంటూరులో నేను చెబుతున్న ఎల్‌కేజీలో పాఠ్యపుస్తకం జూలై నుంచే వేగంగా నడుస్తుంది. నర్సరీలో రాతను పూర్తిగా పక్కన పెట్టి వచ్చిన పిల్లలు పెన్సిల్ పట్టుకోవడానికే తడబడతారు, మిగతావారు ముందుకు వెళ్ళిపోతారు, ఆ తేడాను పిల్లలే గమనించి బాధపడతారు. ఆ వేగం సరైనదని నేను అనడం లేదు, దాన్ని మార్చే అధికారం మాత్రం తరగతి టీచర్లకు లేదు. అందువల్ల నర్సరీ టీచర్లు సంవత్సరాంతానికి కనీసం తన పేరులోని మొదటి అక్షరం, కొన్ని తేలిక ఆకారాలు, అయిదో పదో అంకెలు కాగితం మీద వేసే స్థాయికి తెచ్చి పంపితే, జూన్‌లో ఆ పిల్లలు నిబ్బరంగా ఉంటారు.

బ్రాడీపేట విశ్రాంత ఉపాధ్యాయిని
ఫిబ్రవరి 9, రాత్రి 10:05

లక్ష్మీపురం టీచరు గారూ, మీరు చెప్పినంతవరకు నాకు అభ్యంతరం లేదు. తన పేరులోని మొదటి అక్షరం రాయాలన్న కోరిక పిల్లలకు సహజంగానే వస్తుంది, సంచి మీద, డబ్బా మీద ఆ అక్షరాన్ని చూస్తూ ఉంటారు కనుక. నా అభ్యంతరమంతా పేజీలు నింపించడం మీదే. ఒక అక్షరాన్ని బాగా అయిదుసార్లు రాసిన పిల్లవాడిని అక్కడితో ఆపి మెచ్చుకుంటే మరునాడు తనే రాస్తానని అడుగుతాడు. అదే అక్షరంతో రెండు పేజీలు నింపమంటే చివరి వరుసల్లో దాని ఆకారం పాడైపోతుంది, చెయ్యికి ఆ పాడైన ఆకారమే అలవాటవుతుంది.

అంకెల విషయంలోనూ ఇంతే. యాభై వరకు రాసే పిల్లవాడిని ఏడు గింజలు ఇవ్వమని అడిగితే గుప్పెడు తీసి ఇస్తాడు. మన ఇళ్ళలో వామనగుంటల పీట ఉంటే బయటకు తీయండి. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు ఉంటాయి, ఒక్కో గుంటలో ఒక్కో చింతపిక్క వేసుకుంటూ వెళ్ళడంలో ఒక అంకెకు ఒక వస్తువు అన్న మూలసూత్రం చేతికే తెలిసిపోతుంది. నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలకు మాత్రం గింజలు ఇవ్వవద్దు, పెద్ద బొత్తాలో బిళ్ళలో వాడి, పక్కన కూర్చుని ఆడించండి.

సింగ్‌నగర్ అంగన్‌వాడీ
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2:15

నమస్కారం అండీ. మా కేంద్రానికి వచ్చే పిల్లలు మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపువారు, పీపీ-1, పీపీ-2 (పూర్వ ప్రాథమిక తరగతులు) పిల్లలు ఒకే గదిలో ఉంటారు. ఇక్కడ నోటుబుక్కుల ఒత్తిడి అంతగా లేదు కానీ పని మరో రకంగా ఉంటుంది. గుడ్లు, పాలు లెక్క చూడాలి, బరువు, ఎత్తు కొలిచి నమోదు చేయాలి, గర్భిణుల వివరాలు ఫోనులో ఎక్కించాలి. వాటి మధ్య పిల్లలతో కూర్చునే సమయాన్ని నేను పట్టుదలగా కాపాడుకుంటాను, ఎందుకంటే వాళ్ళు మాతో మాట్లాడే మాటలు మరెక్కడా మాట్లాడరు.

ఒక సంగతి ఇక్కడ చెప్పడం అవసరమనిపించింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా ప్రాంతమంతా మునిగినప్పుడు చాలా ఇళ్ళలో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. కేంద్రం మళ్ళీ తెరిచిన తర్వాత పిల్లలు రకరకాలుగా వచ్చారు. కొందరు మాట్లాడలేదు, కొందరు చిన్న చప్పుడుకే ఉలిక్కిపడ్డారు, అంతకు ముందు బాగా ఉన్న పిల్లలు కూడా పక్క తడిపేస్తున్నారని తల్లులు చెప్పారు. నేను పాఠం మొదలుపెట్టకుండా చెక్క దిమ్మెలు, బొమ్మలు ముందు పోశాను. ఒక అమ్మాయి ఇల్లు కట్టింది, పక్కవాడు చేత్తో తోసి "నీళ్ళొచ్చాయి" అన్నాడు, అందరూ బొమ్మలను పట్టుకుని కుర్చీ మీదకు ఎక్కించారు. కుర్చీయే మిద్దె. ఆ ఆటనే రోజూ ఆడారు. మా పై అధికారి ఒకరు చూసి, ఇలాంటివి ఆడనివ్వకుండా వాళ్ళను మరిపించమని సలహా ఇచ్చారు. నేను ఆయనకు మర్యాదగానే చెప్పాను, వాళ్ళంతట వాళ్ళు ఆపేదాకా ఆడనిద్దామని.

ఆట నెమ్మదిగా మారింది. మొదట నీళ్ళు మాత్రమే ఉండేవి. తర్వాత పడవ వచ్చింది, అట్టపెట్టె పడవ అయింది. ఆ తర్వాత ఒక బాబు చేతులు చాచి "డ్రోన్" అంటూ గది చుట్టూ తిరిగి పొట్లాలు వేయడం మొదలుపెట్టాడు, ఎందుకంటే నీళ్ళలో చిక్కుకున్నప్పుడు వాళ్ళ వీధిలో ఆహారం అలా కూడా అందింది. పొట్లాలు ఎవరికి ముందు ఇవ్వాలన్న చర్చ వచ్చింది, "ముసలమ్మకు ముందు" అని ఒక పాప తీర్పు చెప్పింది. ఎన్ని పొట్లాలు ఉన్నాయో, ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకున్నారు, తక్కువైతే సగం చేశారు. ఆ లెక్క నేను చెప్పింది కాదు. చివరికి ఇల్లు తుడిచే ఆట వచ్చింది, చీపుర్లు పట్టుకున్నారు, ఆ తర్వాత వాళ్ళే వేరే ఆటలోకి వెళ్ళిపోయారు. వాళ్ళలో పెద్ద పిల్లలు ఇప్పుడు బడిలో ఒకటో తరగతిలో ఉన్నారు.

పటమట టీచరు గారూ, మీ బాబు ఎడ్లబండి ప్రయాణం చదివినప్పుడు నాకు ఇదంతా గుర్తుకు వచ్చింది. అతను చెబుతుంటే మీరు ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, తల్లిగారి చేతికి ఇవ్వండి. మేము కేంద్రంలో అలాగే చేస్తున్నాము. చదువురాని తల్లులకు చదివి వినిపిస్తే, ఆ కాగితాన్ని కొంగుకు ముడి వేసుకుని తీసుకువెళతారు.

మొగల్రాజపురం మాట శిక్షకురాలు
ఫిబ్రవరి 10, సాయంత్రం 6:40

పిల్లలకు మాట నేర్పే వృత్తిలో ఉన్నాను కనుక క్లుప్తంగా ఒక హెచ్చరిక చేస్తాను. ఇంట్లో గలగలా మాట్లాడి బడిలో మాత్రం మౌనంగా ఉండే పిల్లలకు సమయం ఇవ్వాలి, బలవంతంగా నిలబెట్టి మాట్లాడించకూడదు. నెలలు గడిచినా ఆ మౌనం అలాగే ఉంటే నిపుణుల సలహా తీసుకోవచ్చు. ఇంట్లోనూ బడిలోనూ కూడా నాలుగేళ్ళకు చిన్న చిన్న వాక్యాలు రాకపోయినా, వెనకనుంచి పిలిస్తే తరచుగా పలకకపోయినా, ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. అంగన్‌వాడీ కేంద్రాలకు, ప్రభుత్వ బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యాన్ని పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమం) వైద్య బృందాలు ఇటువంటి లోపాలను గుర్తించి ఉచితంగా పై ఆస్పత్రులకు పంపుతాయి, ఆ కార్యక్రమం 2013 నుంచి ఉంది.

ఫోను గురించి అందరూ అడుగుతారు. మూడు, నాలుగేళ్ళ పిల్లలు కదలకుండా తెర చూసే సమయం రోజుకు ఒక గంట మించకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. రాత్రి నిద్ర, పగటి కునుకు కలిపి 10 నుంచి 13 గంటలు ఉండాలి. తరగతిలో చిరాకు పడే పిల్లల్లో చాలామంది ముందు రోజు ఆలస్యంగా పడుకున్నవారే.

సత్యనారాయణపురం అమ్మమ్మ
ఫిబ్రవరి 11, ఉదయం 10:20

మా మనవరాలు నర్సరీ చదువుతోంది. అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలకు వెళతారు కనుక మధ్యాహ్నం నుంచి నా దగ్గరే ఉంటుంది. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని బడి నుంచి చెప్పి పంపారు. నాకు ఆ భాష రాదు. దానితో కూరగాయలు తరిగేటప్పుడు, పూజకు పూలు కోసేటప్పుడు తెలుగులోనే మాట్లాడుతున్నాను. దీనివల్ల పిల్లకు నష్టమేమైనా జరుగుతుందా? ఈ మధ్య తను నాతో మాట్లాడటం తగ్గించింది, అందుకే దిగులుగా ఉండి అడుగుతున్నాను.

పటమట టీచరు
ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 3:50

అమ్మమ్మ గారూ, దయచేసి తెలుగులోనే మాట్లాడండి, ఇంకా ఎక్కువగా మాట్లాడండి. మొదటి సంవత్సరాల్లో ఇంటి భాషలో బలంగా మాట్లాడిన పిల్లలు రెండో భాషను దాని మీద ఆధారపడి నేర్చుకుంటారు. జాతీయ విద్యా విధానం కూడా వీలైనంతవరకు కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో లేదా మాతృభాషలో బోధించమని చెబుతోంది. నా తరగతిలో ఒక పిల్ల వచ్చి "టీచర్, నా బలపం విరిగిపోయింది" అంటే నేను ముందు ఆమె బాధ వింటాను, ఆ తర్వాత అదే సంగతిని ఇంగ్లీషులో ఒకసారి అంటాను. ముందు ఇంగ్లీషులో చెప్పమని ఆపేస్తే ఆ పిల్ల బలపం సంగతి చెప్పడమే మానేస్తుంది. మీ మనవరాలు మాట తగ్గించిందని మీరు గమనించారు కదా, ఆ విషయం తరగతి టీచరుకు తప్పక తెలియజేయండి. వంకాయ లేతదో ముదురుదో, కరివేపాకు వాసన ఎలా ఉందో, నిన్నటి కంటే ఈ రోజు ఎన్ని మందారాలు ఎక్కువ పూశాయో మీరు చెప్పించే ప్రతి మాటా ఆమె చదువులో భాగమే.

ఇక్కడ ఇంతమంది ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. ఇంకొక ప్రశ్న మిగిలింది. జూన్‌లో కొత్త పిల్లల ఏడుపులను మీరంతా ఎలా ఎదుర్కొంటున్నారు? ఎండ ఇంకా తగ్గదు, గదిలో ఒకరు ఏడిస్తే అందరూ ఏడుస్తారు, కొందరు కొరుకుతారు కూడా. సాయంత్రానికి నాకు గొంతు రాదు.

లక్ష్మీపురం ఎల్‌కేజీ టీచరు
ఫిబ్రవరి 11, రాత్రి 9:30

మేము మొదటి రెండు వారాలు సగం పూటే ఉంచి, కొత్త పిల్లలందరినీ ఒకే రోజు కాకుండా కొద్దికొద్దిమందిగా పిలుస్తాము. తల్లిదండ్రులను ఒక్కటే కోరతాము: పిల్ల చూడనప్పుడు దొంగచాటుగా వెళ్ళిపోవద్దు. "భోజనం అయ్యాక వస్తాను" అని కళ్ళలోకి చూసి చెప్పి, వెళ్ళి, చెప్పిన వేళకు రావాలి. చాటుగా వెళ్ళిన తల్లి కోసం ఆ పిల్ల రోజంతా తలుపు వైపే చూస్తుంది, మరునాడు కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఇంటి నుంచి ఒక చేతిరుమాలో బొమ్మో తెచ్చుకోనిస్తాము. ఏడుస్తున్న పిల్లకు పని చెబితే, ఉదాహరణకు కుండీలో మొక్కకు నీళ్ళు పోయమంటే, చాలాసార్లు ఏడుపు దానంతట అదే తగ్గుతుంది.

కొరికే పిల్లలు ఎక్కువగా మాట అందక కొరుకుతారు. కొరికిన వాడిని తిట్టేముందు కొరికించుకున్న పిల్లను దగ్గరకు తీసుకుంటాను, ఆ తర్వాత వీడికి "నాది, ఇవ్వు" అనే మాట పలికిస్తాను. తిరిగి కొరికి చూపించమని చెప్పే పద్ధతి కొన్ని చోట్ల ఉంది, అది ఎప్పుడూ చేయకూడదు.

గొంతు విషయం మనం నిర్లక్ష్యం చేస్తున్నాము. నేను కేకలు మానేసి చప్పట్ల వరుసలు అలవాటు చేశాను. నేను ఒక తాళం కొడితే పిల్లలు తిరిగి అదే కొడతారు, గది నిశ్శబ్దమవుతుంది. అయినా ఒక మాట యాజమాన్యాలు కూడా చదవాలని ఇక్కడ రాస్తున్నాను. పెద్ద తరగతుల టీచర్లతో పోలిస్తే మా జీతాలు చాలా చోట్ల తక్కువగా ఉంటాయి, "చిన్నపిల్లల్ని ఆడించడమే కదా" అంటారు. మూత్రశాలకు వెళ్ళడానికి కూడా ఎవరినైనా నిలబెట్టి వెళ్ళవలసిన ఉద్యోగం ఇది. రెండో ఆయాను పెట్టడం పిల్లల భద్రతకు సంబంధించిన అవసరం.

భవానీపురం నాన్న
ఫిబ్రవరి 12, ఉదయం 7:15

మీరందరూ రాసినవి నా భార్యకు చదివి వినిపించాను. సాయంత్రం నోటుబుక్కు తీయడం ఆపి, వాడితో కలిసి చపాతీలు చేస్తున్నాము, ఆకారాలు ఎలా వచ్చినా వాడు చేసినవి వాడే తింటున్నాడు. మరో బడికి వెళ్ళి, ప్రవేశ సమయంలో ఏమి చూస్తారని నేరుగా అడిగాను. పిల్లవాడు కాసేపు మిగతా పిల్లలతో ఆడుకుంటే చాలని అక్కడి ప్రధానోపాధ్యాయుడు చెప్పారు. ఫీజు కొంత ఎక్కువే, ఇంటికి దూరం కూడా, బందరు రోడ్డు దాటి వెళ్ళాలి. ఇద్దరమూ ఆలోచిస్తున్నాము. పటమట టీచరు గారూ, మీ బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంటే ఈ విషయాలు అక్కడ చెప్పండి. గేటు దగ్గర మీకు దొరికే రెండు నిమిషాల్లో మాలాంటి వాళ్ళకు అర్థం కాదు.

పటమట టీచరు
ఫిబ్రవరి 12, రాత్రి 9:00

మార్చి మొదటి శనివారం సమావేశం పెట్టడానికి మా ప్రిన్సిపాల్ గారు ఈ రోజే ఒప్పుకున్నారు. నోటుబుక్కు స్థానంలో ప్రతి పిల్లకూ ఒక అట్ట సంచి సిద్ధం చేస్తున్నాను. అందులో జూన్‌లో వేసిన బొమ్మ, ఇప్పటి బొమ్మ పక్కపక్కన ఉంటాయి. సింగ్‌నగర్ గారు చెప్పినట్టు పిల్లలు చెప్పిన కథలు తేదీలతో రాసి పెడుతున్నాను, ఎడ్లబండి కథ ఇప్పటికే రెండు పేజీలు వచ్చింది. పేరులోని మొదటి అక్షరం వరకు రాయించి, మిగతా అక్షరాలను ఉప్పు కాగితం మీద తడిమించడం వరకే ఉంచుతానని యాజమాన్యంతో చెప్పాను. అంకెలు పదివరకు ఒప్పుకున్నారు, యాభై సంగతి ఏప్రిల్‌లో మళ్ళీ మాట్లాడదామన్నారు.

తల్లిదండ్రులకు ఇవ్వడానికి ఒక పేజీ లేఖ రాస్తున్నాను. ఆదివారం ముసాయిదా ఇక్కడ పెడతాను. బ్రాడీపేట అమ్మగారు అక్షరాల వరుసను, మొగల్రాజపురం గారు వినికిడి సూచనలను ఒకసారి చూసి సరిచేయాలని కోరుతున్నాను.

బ్రాడీపేట విశ్రాంత ఉపాధ్యాయిని
ఫిబ్రవరి 12, రాత్రి 9:40

తప్పకుండా చూస్తానమ్మా. పూర్తి పేరుతో పిలవమన్న కొత్తపేట గారి సూచనను లేఖలో మొదటి వాక్యంగా పెట్టండి, అక్షరాలు రెండో పేరాలోకి రావచ్చు. ఆ శనివారం నేను విజయవాడలోనే ఉంటాను. మీ ప్రిన్సిపాల్ గారికి అభ్యంతరం లేకపోతే ఇసుక పళ్ళెం, పలకలు తీసుకుని వచ్చి, తల్లిదండ్రుల ముందే పిల్లలతో చేయించి చూపిస్తాను.